చెప్పని మాటకు ఖండన

ఆ రోజుల్లో పిల్లల్ని మెచ్చుకోవాలంటే 'నోట్లో నాలుకే లేదండీ' అనేవారు. అలాంటి పిల్లల కోసమే నడిచే గౌలిపుర బడికి, డెబ్బయ్యో దశకంలో, కోస్తా నుంచి కొత్త తెలుగు మాస్టారుగా వచ్చిన నేను వాళ్ళ చేత వాదోపవాదాలు చేయిస్తానని బయలుదేరాను. దినచర్య రాయనిదే నిద్రపట్టని మనిషిని, ఏదైనా పద్ధతిగా జరగాలి నాకు. అందుకని అనుకూల పక్షం ఉపన్యాసం నేనే రాశాను, ప్రతికూల పక్షమూ నేనే రాశాను. ఎక్కడ ఆగాలో, ఎక్కడ నమస్కరించాలో ఎర్రసిరాతో గుర్తులు పెట్టాను. (నా వెనక నన్ను 'కామా సార్' అనేవారట.) పిల్లలు బట్టీ పడితే చాలు. విషయం 'గేదె పాలు మేలా, సీసా పాలు మేలా'. సర్కారు డెయిరీ సీసాలు అప్పుడప్పుడే గల్లీల్లోకి వస్తున్న కాలం.

చీటీలు తీస్తే సీసా పాల పక్షం 'గంట'కు వచ్చింది. గొంతును బట్టి ఆ పేరు. మా వీధికి పాలు పోసే ఆయన కూతురు, ఎనిమిదో తరగతి. ఆయన అప్పటికే బడి మాన్పిస్తానంటున్నాడు.

"ఇగ చాలు సార్. బర్రెలకాడ వాళ్ళమ్మ ఒక్కతే ఐతున్నది. మాట్లాడుడు నేర్సుకొని ఏం జేస్తది?"

"ఒక్కసారి వచ్చి వినండి. తరవాత మీ ఇష్టం."

"సరే, వస్త. ఇన్నంక చెప్త."

వచ్చాడు. మొదటి వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. గంట వేదికెక్కి, "గౌరవనీయులైన అధ్యక్షుల వారికి వందనములు. గేదె పాలు అపరిశుభ్రములు" అన్నదో లేదో, ఆయన దిగ్గున లేచాడు.

"ఏందే? మన పాలు ఖరాబా? గవ్వి తాగే గింత పెరిగినవ్!"

నేను తెర వెనక నుంచి తరవాతి వాక్యం అందిస్తూనే ఉన్నాను. అది నా వైపు చూస్తేగా!

"ఖరాబ్ అనలే బాపు. సీసకు మూత ఉంటది, మన చెంబుకు లేదు. మొన్న ఈగ పడ్డదా లేదా?"

"పడితే తీసేసిన గద!"

"తీసినవ్. ఎవ్వలకన్న చెప్పినవా?"

"మరి నేను నీళ్ళు కల్పుతనా? గది గూడ చెప్పు!"

"నువ్వు కల్పవ్ బాపు. అమ్మ కల్పుతది."

హాలు హాలంతా గొల్లున నవ్వింది. వెనక నుంచి ఎవరో "వారెవ్వా!" అన్నారు. (ఆ ఇంటి పాలే తాగే మా పెద్దసారు మాత్రం నవ్వలేదు.) నేను రాసిన పేజీల్లోంచి ఒక్క కామా కూడా బయటికి రాలేదు.

తరవాత గేదె పాల పక్షాన 'టేప్ రికార్డర్' లేచాడు. పెద్దసారు మేనల్లుడు, ఏదిచ్చినా అప్పజెప్పగలడు. "నా ప్రత్యర్థి ఇప్పుడే సెలవిచ్చినట్లు, సీసా పాలలో విటమినులు మెండనుట హాస్యాస్పదము" అని మొదలుపెట్టి, గంట అనని మాటలన్నిటినీ వరసగా ఖండించాడు.

"నేను గట్ల అనలే సార్!" అంది గంట.

"నిశ్శబ్దం!" అన్నాను నేను.

అధ్యక్షులుగా వచ్చిన విద్యాశాఖ అధికారి మొదటి నుంచీ కళ్ళు మూసుకునే ఉన్నారు. (తన్మయత్వం అనుకున్నాం.) చివరి చప్పట్లకు కళ్ళు తెరిచి, ప్రత్యర్థి వాదనను అంత చక్కగా ఖండించినందుకు స్టీలు గ్లాసు టేప్ రికార్డర్‌కే ఇచ్చారు. గంటకు మాత్రం, పెద్దలకు ఎదురు చెప్పరాదని పెద్దసారు హితబోధ దక్కింది. 'ఫలితం సబబే' అని ఆ పూట దినచర్యలో రాసుకున్నాను కూడా.

గేటు దగ్గర పాలాయన నిలబడి ఉన్నాడు. పిల్ల చదువు నా చేతులమీదుగానే ఆగిపోయిందనుకున్నాను.

"సార్, నా ముంగట ఇంట్ల అందరూ తలకాయ ఊపుడే. ఇది చూసిన్రా, ఆగకుంట జవాబిచ్చింది! బర్రెలను ఊరవతలికి తోలమని సర్కారోళ్ళు వెంబడి పడుతున్రు. వాళ్ళతోటి మాట్లాడనీకి మా గల్లీల ఒక్క నోరు లేదు. సదువనీయుండ్రి." నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "గని సార్, ఇగ మీరు రాసియ్యకుండ్రి."

పిల్లలకు రాసివ్వడం ఆ రోజే మానేశాను. నాకు నేను రాసుకోవడం మాత్రం మానలేకపోయాను. ఏళ్ళ తరవాత నా ఉద్యోగ విరమణ సభలో జేబులోంచి కాగితం తీసి, ఎర్రసిరా గుర్తుల దగ్గర ఆగుతూ, 'పనులన్నీ మానుకుని విచ్చేసిన అధ్యక్షుల వారికి' కృతజ్ఞతలు చెప్పాను. ఆయన రానేలేదు. గుర్తు పెట్టి ఉంది కనక ఖాళీ కుర్చీకి నమస్కారం కూడా పెట్టాను. వెనక వరసలో ఎవరో గంట మోగినట్టు నవ్వారు. ఎవరో తెలిసింది. తలెత్తి చూద్దామనుకున్నాను, కానీ వాక్యం మధ్యలో ఉన్నాను.