కోడి కెలికిన రాత

విజయనగరంలో కార్డులు, స్టిక్కర్లు అచ్చువేసే ఒక కొట్టులో ఈశ్వరి కంప్యూటరు ముందు కూర్చుంటుంది. పెళ్ళికార్డు మీద పేర్లకైనా, టిఫిన్ సెంటర్ బోర్డుకైనా, పచ్చడి సీసా లేబులుకైనా ఆమె వాడేది ఒక్కటే, చేత్తో అలవోకగా రాసినట్టుండే ఫాంటు. "ఏటి రాత తల్లీ, ముత్తేల్లాగున్నాది!" అని ఎవరైనా మెచ్చుకుంటే కాదనదు. జడ ముందుకు లాక్కుని నవ్వేస్తుంది. సొంత రాత మాత్రం కోడి కెలికినట్టుంటుంది. ఫోన్ నంబరు రాసుకున్నా సరే, ఎవరూ చూడకుండా ఎడమచేయి అడ్డం పెట్టుకుంటుంది.

ఆ సోమవారం రొయ్యల పచ్చడి అమ్ముకునే కూర్మమ్మ లేబుళ్ళ కోసం వచ్చేసరికి కరెంటు పోయింది. "నా బస్సెల్లిపోతాది, ఆ ముత్తేల రాత సేత్తోనే రాసియ్యే" అంటూ ఎదురుగా బైఠాయించింది. ఆవిడకి అక్షరం ముక్క రాదు. తప్పించుకునే దారి లేక ఈశ్వరి చెమటలు కక్కుతూ నలభై స్టిక్కర్ల మీద 'కూర్మమ్మ రొయ్యల పచ్చడి' అని రాసింది. ఏ రెండూ ఒక్కలా రాలేదు. ఇక గుట్టు రట్టయినట్టేనని వారమంతా బెంగపడింది. మళ్ళీ సోమవారం కూర్మమ్మ రానే వచ్చింది. వెలుగుతున్న కంప్యూటరు వైపు చూసి, "ముందది ఆపియ్యే" అంది. "ఆ రాత సూసి, కూర్మమ్మ ఈ వయసులో సదువు నేర్సిందని మా ఊరంతా ఒకటే గోల. బళ్ళో టీచరమ్మ సీసా కొని మరీ మెచ్చుకున్నాది. నాను కాదన్లేదు."

ఈశ్వరి పకపకా నవ్వి పెన్ను తీసింది. ఎడమచేయి అడ్డం పెట్టుకోలేదు.