పసుపు పొద్దున, కారం మధ్యాహ్నం

నల్లపాడు స్టేషన్ రోడ్డులో పిండిమిల్లు నడిపిన వీరాంజనేయులు ఎవరినీ ఆగమనేవాడు కాదు. మిరపకాయలు తెచ్చినా, పసుపు కొమ్ములు తెచ్చినా వచ్చినవాళ్లవి వచ్చినట్టే పట్టి ఇచ్చేవాడు. కారం పట్టాక పసుపు పట్టాలంటే ముందు బియ్యం వేసి మర శుభ్రం చేయాలి. ఆ ఎర్రటి పిండంతా కాలవలోకి పోయేది. మోటారేమో తిరుగుతూనే ఉండేది.

ఆయన పోయాక మిల్లు భార్య కోటేశ్వరి చేతికొచ్చింది. కరెంటు బిల్లు చూసి మరిది యలమంద తేల్చేశాడు.

"ఉగాది దాకా చూద్దాం వదినా. నష్టం ఆగకపోతే పాతసామాన్ల వాడికి ఇచ్చేద్దాం."

భర్త చేతులు పడి నున్నబడిన మరను తూకానికి వేయడానికి కోటేశ్వరికి మనసొప్పలేదు. ఆలోచించి ఒక వరస పెట్టింది. పొద్దున్నే బియ్యప్పిండి, తర్వాత పసుపు, మధ్యాహ్నం నుంచి కారం. శుభ్రం చేయడం సాయంత్రం ఒక్కసారే.

వీధంతా సణిగింది. ఒక మధ్యాహ్నం, కారం పడుతుండగా, పక్కవీధి జోహరాబీ కూతురి పెళ్లికని పసుపు కొమ్ములు మోసుకొచ్చింది.

"రేపు పొద్దున పసుపులో తొలి వాయి నీదేనక్కా," అంది కోటేశ్వరి.

"మీ ఆయన ఉన్నప్పుడు ఈ రూల్సు లేవమ్మా!"

అక్కడే ఉన్న యలమంద లేచాడు.

"బేరాన్ని తిప్పి పంపితే మిల్లేం నిలుస్తుంది వదినా?" అంటూ గుప్పెడు బియ్యం వేసి, అయిందనిపించి, పసుపు పట్టేశాడు.

రంగు చూద్దామని జోహరాబీ చెంపకు రాసుకుంది. మరుక్షణం కెవ్వుమంది.

"ఓరి నీ దుంపతెగ! ఇది పూస్తే పెళ్లికూతురు చిలకలూరిపేట దాకా పరిగెత్తుద్ది కదరా!"

యలమంద మజ్జిగ కోసం పరుగు తీశాడు. కోటేశ్వరి ఆ పసుపును కూరలకని ఉంచుకుని, తెల్లారి తన ఇంట్లోని కొమ్ములు పట్టి ఇచ్చింది. జోహరాబీ ఊరుకుందా? కందిన చెంప చూపిస్తూ వీధి వీధికీ చెప్పింది. ఇక ఎవరూ వేళ తప్పి రాలేదు.

ఉగాది నాటికి బిల్లు బాగా దిగింది. యలమంద వచ్చి కూర్చుని, వదిన పెట్టిన జంతికలు కరకరలాడించాడు.

"కారం భలే కుదిరింది. ఎక్కడ కొన్నావు?"

"కొనడమేంటి? సాయంత్రం మర శుభ్రానికి వేసిన బియ్యప్పిండే. మీ అన్న కాలవలో పోసేవాడే, అదే."

యలమంద నమలడం ఆపి మర వంక చూశాడు. తర్వాత పళ్లెం చాచాడు.

"ఇంకో రెండు వెయ్యి వదినా. పాతసామాన్ల వాడికి రావద్దని చెప్పేశాలే."

కోటేశ్వరి వేసింది. ఇంకొకటి తీసి, వీరాంజనేయులు కూర్చునే స్టూలు మీద పెట్టింది. బయట మిరపకాయల సంచులు అప్పటికే వరసలో ఉన్నాయి. మోటారు వేసింది.