డైరెక్ట్ చెయ్యని మొహిద్దీన్

“నీళ్ళు పోస్తుండగా మంట ఆరిపోయి, గ్యాస్ మాత్రం వస్తూనే ఉంటే? మనకైతే వాసన తెలుస్తుంది. చంటిదానికేం తెలుస్తుందండీ?”

కైకలూరులో చేపల మేత కొట్టు నడిపే ఉదయ్ కిరణ్‌ని భార్య అలేఖ్య అడిగిన మాట ఇది. ఆమె కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ. పాప పుట్టిన దగ్గర్నుంచి ఆ చదువంతా భయాలను పోగుచేసుకోవడానికే పనికొస్తోంది. స్నానాలగదిలో కొత్తగా పెట్టించిన గ్యాస్ గీజర్ వెలుగుతుంది, కాసేపటికి టక్కుమని ఆగిపోతుంది. బ్యాటరీలు మార్చినా అదే తంతు.

“పైన సెన్సర్ పాడయ్యుంటుంది. డైరెక్ట్ చేయించేస్తే సరి. మన కొట్లో మోటారుకి చేయించలేదూ?” అన్నాడు ఉదయ్.

డైరెక్ట్ చెయ్యడమంటే, ప్రమాదం వస్తే ఆపడానికి పెట్టిన సెన్సర్‌ని తప్పించి, దాని తీగలు రెండూ కలిపి మెలిపెట్టేయడం. ఆ చుట్టుపక్కల ఏ వస్తువు మొరాయించినా అందరూ చేయించే వైద్యం అదే. గ్యాసుకి కూడానా అంది అలేఖ్య. చలికాలం, చంటిపిల్ల, వేడినీళ్ళు లేకుండా గడవదు. చివరికి ఏలూరు నుంచి మొహిద్దీన్‌ని పిలిపించారు.

మొహిద్దీన్ తండ్రి పెళ్ళి ఊరేగింపులకు పెట్రోమాక్స్ దీపాలు అద్దెకిచ్చేవాడు. వాటి మధ్యే పెరిగిన కొడుకు పంపు స్టవ్వులకీ, ఆ తర్వాత గ్యాస్ పొయ్యిలకీ, తాడేపల్లిగూడెం బేకరీల్లోని పెద్ద బర్నర్లకీ ఎదిగాడు. కొల్లేరులో అక్రమ చేపల చెరువుల గట్లను ప్రభుత్వం కొట్టేసినప్పుడు వ్యాపారాలు చతికిలబడి, కొత్తవి కొనేవాళ్ళు తగ్గారు. పాతవి బాగుచేయించుకునేవాళ్ళతో అతనికి తీరిక లేకుండా పోయింది. అణకువ అతని దగ్గర వెతికినా దొరకదు.

“రెండు జిల్లాల్లో మంటతో మాట్లాడే మనిషిని నేనొక్కణ్ణేనండీ,” అంటూ మోపెడ్ దిగాడు. అతని ఎడమ కనుబొమ సగమే ఉంది.

“మాట్లాడటం తరవాత, ముందు బాగుచెయ్యండి సాయిబుగారూ,” అంది అలేఖ్య అత్తగారు సుబ్బాయమ్మ.

అలేఖ్య తన భయాన్ని మళ్ళీ చెప్పింది. మొహిద్దీన్ గీజర్ మూత విప్పి, వెలిగించి, మంటలోకి చొచ్చుకుని ఉన్న సన్నటి కడ్డీని చూపించాడు. “మంట ఉందో లేదో కనిపెట్టేది ఇదండీ. చూడండి.” కడ్డీ తీగ ఊడదీశాడు. టక్కుమంది. మంటా పోయింది, గ్యాసూ ఆగింది. “మీ ప్రశ్నకి అదే జవాబు చెప్పింది. మీ భయం తీరినట్టేనా?”

“మరి రోజూ ఎందుకు ఆగుతోంది?”

“బర్నర్‌లో మసి. ఇట్టే పోతుంది,” అని ధీమాగా బ్రష్షు పట్టాడు. బర్నర్ తుడిచాడు, కడ్డీని గరుకు కాగితంతో రుద్దాడు. గీజర్ చక్కగా మండింది. ఈలోగా నీళ్ళ చప్పుడుకి పాప లేచి ఏడ్వడంతో సుబ్బాయమ్మ స్నానాలగది తలుపు మూసింది. కాసేపటికి లోపల మళ్ళీ టక్కుమంది.

“మాట్లాడటం మానేసినట్టుందే మీ మంట,” అని ఉదయ్ నవ్వాడు.

మొహిద్దీన్ నవ్వలేదు. ఈసారి మళ్ళీ వెలిగించి బయటికొచ్చి, తలుపు దగ్గరగా వేసి, సందులోంచి చూడమని అలేఖ్యకు చెప్పాడు. నీలంగా మొదలైన మంట కొసలు మెల్లగా పసుపుపచ్చకు తిరగడం ఆమె కంటపడింది.

“గాలి చాలట్లేదండీ దానికి!” అంది.

“అదండీ! పైనున్న సెన్సర్ పాడవలేదు. పొగ బయటికి పోక వెనక్కి తన్నుతుంటే ఆ వేడికి ఆపేస్తోంది.” మొహిద్దీన్ లోపలికెళ్ళి తలెత్తి చూశాడు. వెంటిలేటర్‌లో ఏదో గుడ్డ. “ఇదెవరు కుక్కారండీ?”

“నేనేనయ్యా,” అంది సుబ్బాయమ్మ. “పాత చీర. కొల్లేటి దోమలు నీకు తెలియవా? పైగా నీళ్ళోసేటప్పుడు పిల్లకి గాలి తగలకూడదు. కాస్త పొగకేమవుతుంది, సాంబ్రాణి వెయ్యట్లేదూ?”

“అది కనబడే పొగ అత్తయ్యగారూ. ఇందులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ కనబడదు, వాసనా రాదు. తల దిమ్మెక్కుతుంది, మగత కమ్ముతుంది...” అంటూ అలేఖ్య వెళ్ళి పాపని ఎత్తుకుంది.

సుబ్బాయమ్మ నెమ్మదిగా అరుగు మీద కూర్చుంది. “మొన్న దానికి నీళ్ళోసి వచ్చాక నా తల దిమ్మెక్కిందే. అంతసేపు వంగి కూర్చోవడం వల్లేమో అనుకున్నాను.”

“అయితే డైరెక్ట్ చేయించి ఉంటే...” అన్నాడు ఉదయ్.

మొహిద్దీన్ సగం కనుబొమ తడుముకున్నాడు. “గూడెంలో ఒక బేకరీ పొయ్యికి నాకంటే ముందొచ్చినవాడు డైరెక్ట్ చేసిపోయాడండీ. గ్యాస్ ఆగకుండా వస్తోందని తెలియక అగ్గిపుల్ల గీశాను. మిగతా సగం అక్కడే ఉండిపోయింది. మా బీబీ పెన్సిల్‌తో గీస్తానంటది, నేనే వద్దన్నాను.” అని లేచి చీర పీకేశాడు. “గీజర్ అసలు ఈ గదిలోనే ఉండకూడదండీ. పెరటి గోడకి పెడతాను.”

పొద్దువాలేలోగా గీజర్ పెరటి గోడకి ఎక్కింది, వేడినీళ్ళ గొట్టం మాత్రం లోపలికి వచ్చింది. వెంటిలేటర్‌కి దోమల జాలీ బిగించాడు. బయట మంట చివరిదాకా నీలంగా మండటం అలేఖ్య కళ్ళార్పకుండా చూసింది.

మోపెడ్ ఎక్కుతూ అతను చెప్పిన మాటను అలేఖ్య నేటికీ ఒక్కపూట కూడా తప్పలేదు: “బయట పెట్టాం కదాని నిశ్చింతగా ఉండకండమ్మా. ముందు బకెట్ నింపుకోండి, గీజర్ కట్టేయండి, అప్పుడు పాపని లోపలికి తీసుకెళ్ళండి.”