టార్చి అన్నయ్య గగనయాత్ర

ఆ సినిమా హాలు గేటు దగ్గర టికెట్లు చింపే మనిషిని అందరూ టార్చి అన్నయ్య అనేవారు. చీకట్లో సీటు చూపించేది ఆయనే గనక వచ్చేవాళ్లకు ఆ టార్చి వెలుగే తెలుసు, మొహం తెలియదు. భార్య పోయాక ఇంట్లోనూ ఆ మొహం చూసే దిక్కు లేకుండా పోయింది.

ఆ ఏడు ఒక అంతరిక్ష నౌక సినిమా వచ్చి హాలు వదలనని కూర్చుంది. ఊరంతా ఎగబడి చూసింది. రోజూ హాల్లోనే ఉండే టార్చి అన్నయ్య మాత్రం పూర్తిగా చూసిన పాపాన పోలేదు. మొదట్లో టికెట్లు చింపాలి, చివర్లో తలుపులు తీయాలి, దక్కేది నడిమి ముక్కే. కెప్టెన్ భూమిని ఎందుకు వదిలాడో తెలియదు, తిరిగొచ్చాడో లేదో అసలే తెలియదు. ఎవర్నయినా అడుగుదామంటే మొహమాటం. దాంతో పాత వాల్‌పోస్టర్ల వెనక తనే ఒక నవల రాసేశాడు.

ఈయనగారి కెప్టెన్ లోకాన్ని ఉద్ధరించడానికి కాదు, బావమరిది పోరు పడలేక భూమి వదిలాడు. తీరా చుక్కల మధ్యకు చేరాక, నౌక తాళంచెవి వంటింటి మేకుకే ఉండిపోయిందని గుర్తొచ్చింది. మరి నౌక ఎలా కదిలిందయ్యా అంటే, అదంతే. నౌకలో ఉన్న మరమనిషికి పని చెబితే చాలు, నడుం నొప్పి అంటాడు. శత్రుగ్రహం రాజు సైన్యంతో దండెత్తి వస్తే, టికెట్ లేనిదే కెప్టెన్ నౌకలోకి రానివ్వడు.

ఇదంతా పేరు కోసం కాదు. తన మాటకు ఒక్క మనిషి నవ్వాలి, అంతే. పూర్వం భార్య నవ్వేది.

ఇంటర్వెల్ అయి బేరాలు లేని వేళ, పోస్టర్ల చుట్ట తెచ్చి క్యాంటీన్ ఆవిడ ముందు పెట్టాడు.

"ఏంటన్నయ్యా, కొత్త సినిమానా?"

"పాతదేనమ్మా. నేను కాస్త పాడుచేశా."

బావమరిది దగ్గరే ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. మరమనిషి దగ్గరకొచ్చేసరికి కళ్లు తుడుచుకుంది. టార్చి అన్నయ్యకు ప్రాణం లేచొచ్చింది.

అయితే నవల్లో ఆయన కల్పించని పేజీ ఒకటుంది. ఒంటరి కెప్టెన్ పొరపాటున రెండు కంచాలు పెడతాడు. ఒకటి తీసేస్తాడు, మనసొప్పక మళ్లీ పెడతాడు. పడుకోబోయే ముందు ఖాళీ కుర్చీ వైపు తిరిగి, లైటు తీసేయనా అని అడిగి, జవాబు కోసం ఆగుతాడు. అది టార్చి అన్నయ్య ఇంట్లో రోజూ జరిగేదే. అక్కడికి వచ్చాక ఆవిడ ఆగి తన మొహంలోకి చూస్తుందేమోనని ఆయనకు భయం. చూస్తే బాగుండునని ఆశ కూడా.

ఆవిడ ఆగలేదు. పొట్ట పట్టుకుని, బల్ల మీద వాలిపోయి మరీ నవ్వింది.

"కుర్చీని పర్మిషన్ అడగడమేంటన్నయ్యా! ఇలాంటివాళ్లు ఎక్కడైనా ఉంటారా? ఎక్కడ దొరికాడు మీకీ పిచ్చోడు?"

"ఊరికే... కల్పించానమ్మా."

అని తనూ నవ్వాడు. కోరుకున్న నవ్వే వచ్చింది మరి, కాదనడానికి లేదు.

"ఇంతకీ ఆఖర్న ఏమవుతాడు వీడు?" అంది ఆవిడ, ఇంకా నవ్వుతూనే.

"ఏమీ అవడమ్మా," అన్నాడు టార్చి అన్నయ్య. "అలవాటు పడిపోతాడు."