రెండు గంటల పంతొమ్మిది నిమిషాలు

1983 ఫిబ్రవరి 6, ఆదివారం. ఉదయం ఎనిమిది గంటల ముప్పై తొమ్మిది నిమిషాలు. ఆత్మకూరులో మా అద్దె సైకిళ్ళ షాపు గోడ గడియారంలో చూశాను. తెల్లవారి రేడియో వార్తలకు సరిచేసి పెట్టిన గడియారం. అది తప్పు చూపించలేదు. తప్పు నేను చేశాను.

ఆ నిమిషం నుంచి దీన్ని మోస్తున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఓదార్చాలని మాత్రం చూడకండి. లెక్క చూడండి, చాలు.

మా అన్న మస్తానయ్య సైకిలు పందెగాడు. ఏటా డిసెంబరు ఆఖరి ఆదివారం ఉదయగిరి బస్టాండు దగ్గర బయలుదేరి ఆత్మకూరు దాకా తొక్కే పందెం ఉండేది. గేర్లూ గీర్లూ లేవు, మామూలు సైకిళ్ళే. 1971, 72, 73, 74, మళ్ళీ 76. ఐదుసార్లు మా అన్నే మొదట వచ్చాడు. 75లో రెండో స్థానం. ఆ సంగతి ఊళ్ళో అందరూ మరిచిపోయారు, నేను మరిచిపోలేదు. 74లో రెండు గంటల పదకొండు నిమిషాలకు వచ్చాడు. నాకు తెలిసి ఆ దారిన సైకిలు మీద అంతకంటే తొందరగా వచ్చిన మనిషి అప్పటికి లేడు.

నేను అతనికంటే తొమ్మిదేళ్ళు చిన్న. పెళ్ళయిన రెండో ఏడే భర్త పోతే 1972 జూన్‌లో పుట్టింటికి వచ్చేశాను. అన్న పొద్దున్నే ప్రాక్టీసుకు పోయేవాడు, షాపులో కూర్చునేవాళ్ళు లేరు. నన్ను కూర్చోబెట్టాడు. ఒక స్టూలు, ఒక బల్ల, తాడు కట్టిన పెన్సిలు, ఒక పుస్తకం. పద్నాలుగు సైకిళ్ళు, మడ్‌గార్డుల మీద ఒకటి నుంచి పద్నాలుగు దాకా నంబర్లు. ఎవరు తీసుకున్నారు, ఎన్ని గంటలకు తీసుకున్నారు, ఎన్ని గంటలకు తెచ్చారు. ఇంతే పని. ఆ పనిలో నేను మొదటిసారి మనిషినయ్యాను. ఇంట్లో నేను భర్త పోయిన పిల్లని. స్టూలు మీద గడియారం అక్కని. ఆ పేరు స్కూలు పంతుళ్ళు వెక్కిరింపుగా పెట్టారు. పెట్టుకోనీ. గంటకని తీసుకుని గంటా నాలుగు నిమిషాలకు తెచ్చి, "నాలుగు నిమిషాలేగా గడియారం అక్కా" అని ఇకిలించేవాళ్ళు. నాలుగు నిమిషాలు నాలుగు నిమిషాలే. అవి ఎక్కడికి పోతాయి?

అద్దె షాపుల్లో ఒక వాడుక ఉంది. గంట దాటాక పది నిమిషాల దాకా చూసీ చూడనట్టు వదిలేస్తారు, అదే టైముకు తెచ్చినట్టు రాసేస్తారు. మా అన్న అలాగే చేసేవాడు. "పది నిమిషాలకేముందమ్మే" అనేవాడు. జనానికి అతనంటే అందుకే ఇష్టం. నేను ఒక్క నిమిషం కూడా వదల్లేదు. అతని చేతిరాత ఉన్న పేజీలు చూస్తే నాకు ఒళ్ళు మండేది. అన్నీ గుండ్రటి అంకెలు. లోకంలో అందరూ సరిగ్గా గంటకే సైకిలు తెస్తారా?

1977లో మోకాలు నొప్పని పందెం మానేశాడు. మానేసి ఏం చేశాడు? వచ్చి నా స్టూలు మీద కూర్చున్నాడు. అతనిది కాదా షాపు, కూర్చుంటాడు. నేను షాపు వెనకున్న వంటింట్లోకి పోయాను. నాలుగేళ్ళకు పైగా, 78 జనవరి నుంచి 82 జూలై దాకా. వదిన రమణమ్మ మంచిది, నన్ను ఒక్క మాట అన్నది కాదు. కానీ ఆ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళకు సరిపడా పని లేదు. నేను కూర తరిగేదాన్ని, షాపులో అన్న ఎవరికో పది నిమిషాలు వదిలేస్తుంటే గోడ ఇవతలనుంచి వినేదాన్ని, పళ్ళు కొరుక్కునేదాన్ని.

82 జూలైలో అతనికి మళ్ళీ పిచ్చి పట్టింది. ముప్పై తొమ్మిదో ఏట. "ఇంకొక్కసారి తొక్కుతా" అన్నాడు. వదిన వద్దన్నది. నేను ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున అతను రోడ్డెక్కాడు, నేను స్టూలెక్కాను.

ఆ డిసెంబరులో పదకొండో వాడుగా వచ్చాడు. రెండు గంటల ఇరవై ఏడు నిమిషాలు. గెలిచినవాడు రెండు పద్నాలుగు. ఇక చూడండి ఊరి సంగతి. టీ బంకు దగ్గర సగం మంది "పరువుగా మానుకోమనమ్మా" అంటారు, సగం మంది "సింహం, ఇంకో ఏడు చూడాల్సిందే" అంటారు. సైకిలెక్కితే ఊరి చివరిదాకా తొక్కలేని వాళ్ళు కూడా నాకు మోకాలి గురించి చెప్పేవాళ్ళే. విని విని విసుగెత్తింది. అన్న అయితే అన్నం ముందు కూర్చుని "మానేదా, చేసేదా" అని ఆరు వారాలు సాగదీశాడు. చివరకు ఒక పద్ధతి తనే చెప్పాడు.

ఆదివారం పొద్దున ఉదయగిరి నుంచి ఒంటరిగా తొక్కుతాడు. అక్కడ ఖాదర్ భాయ్ అని మా లాంటి షాపాయనే ఉన్నాడు, ఆయన గడియారం కూడా రేడియోకు సరిచేసిందే. బయలుదేరిన టైము ఆయన చీటీ మీద రాసి, అప్పుడే కదిలే బస్సు కండక్టరు చేతికిస్తాడు. బస్సు ముందొస్తుంది, చీటీ నాకు చేరుతుంది. చేరిన టైము నేను రాస్తాను. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే జవాబు. రెండు గంటల ఇరవై నిమిషాల లోపైతే కొనసాగించడం, దాటితే సైకిలు గోడకు వేలాడదీయడం. అతను వాచీ పెట్టుకోడు, గడియారం వైపు చూడడు. "నేను చూస్తే నాకు నేనే పది నిమిషాలు వదిలేసుకుంటాను. నువ్వైతే వదలవు" అన్నాడు.

వదిన ముందురోజు నన్ను పెరట్లోకి పిలిచింది. "నా మాట వినడు. నీ లెక్క వింటాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పు, చాలు" అన్నది. ఉన్నది ఉన్నట్టు చెప్పడం తప్ప నాకేం తెలుసు అన్నాను.

బస్సు వచ్చింది. చీటీ వచ్చింది. ఖాదర్ భాయ్ రాత: 6-10. అంటే ఎనిమిదిన్నర హద్దు. స్టూలు మీద కూర్చున్నాను. ఎనిమిదిన్నర అయింది. రోడ్డు మీద లేడు. ముప్పై రెండు. ముప్పై అయిదు. నా మనసులో ఏముందో ఇప్పుడైనా నిజం చెప్పాలి. అయ్యో అన్న అనుకున్నానా? లేదు. ఈ స్టూలు పోయిందే అనుకున్నాను. రేపటి నుంచి మళ్ళీ కూర తరగాలి, మళ్ళీ గోడ ఇవతల. నాకప్పుడు ముప్పై ఏళ్ళు. ఇంకెన్నేళ్ళు తరుగుతాను అని లెక్క కూడా కట్టాను, ఆ నాలుగు నిమిషాల్లోనే.

ఎనిమిది ముప్పై తొమ్మిదికి వచ్చాడు. మాట ప్రకారం గడియారం వైపు చూడలేదు. సైకిలు దిగి, తల వంచుకుని నేరుగా పెరట్లోకి పోయి రెండు చెంబులు నెత్తిన గుమ్మరించుకున్నాడు. ఆ చప్పుడు వింటూ పుస్తకంలో 8-39 అని రాశాను. చేతికి అలవాటు, దానంతట అది రాసేసింది. తరవాత రబ్బరు తీసుకున్నాను. మూడు చెరిపి రెండు వేశాను. 8-29.

తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎంతమ్మే?"

"రెండు పంతొమ్మిది."

"నిజమా?"

"పుస్తకం చూసుకో."

చూడలేదు. నా మొహం చూశాడు. "మొన్న డిసెంబరులో ఇరవై ఏడు. ఎనిమిది నిమిషాలు ఎట్టా తగ్గినాయి?"

నాకు తెలుసా! నోటికి వచ్చింది అన్నాను. "మంది లేరు కదా. ఒంటరిగా తొక్కినావు."

తువ్వాలు భుజాన వేసుకున్నాడు. తరవాత మొహం వెలిగిపోయింది. "అదీ సంగతి. కాళ్ళల్లో ఉండాదమ్మే. మందిని చూసి బెదిరినాను, అంతే. నీ నోట వచ్చిందంటే ఇంక తిరుగులేదు. నువ్వు కన్నతండ్రికైనా నిమిషం వదిలే దానివి కాదు."

నవ్వుతూ లోపలికి పోయాడు. వంటింట్లో వదిన చేతిలోని గిన్నె కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

స్కూలు పంతులుకు నాలుగు నిమిషాలు వదలని దాన్ని. ఆ రోజు వదిలింది సరిగ్గా పది. మా షాపుల్లో వదిలే పదే. ఇన్నేళ్ళ తరవాత కూడా నాకు చిరాకు పుట్టించేది ఇదే. తొమ్మిది నిమిషాల ముప్పై సెకన్లు చాలేవి కదా అబద్ధానికి, పది ఎందుకు వేశాను? ఒక్క అంకె చెరిపితే సరిపోతుందని. అంత సోమరి అబద్ధం.

వారం తిరక్కుండా బోర్డులు రాసేవాణ్ణి పిలిపించి తన సైకిలు మడ్‌గార్డు మీద తెల్ల రంగుతో "2-19" అని రాయించుకున్నాడు. మా అద్దె సైకిళ్ళకు నంబర్లున్నట్టు. చెరిపించమని ఎన్నిసార్లు పోరానో. "నిజమే కదా, ఉండనీ" అనేవాడు. ఇంకోసారి చూసుకో అన్నాను ఒకటి రెండుసార్లు, ఖాదర్ భాయ్‌ని మళ్ళీ చీటీ పంపమందామని. "ఇంక చూసుకునేదేంది, తేలిపోయింది కదా" అన్నాడు. నా లెక్కను శంకించమని నేనే ఎలా చెప్పను? చెప్పవచ్చు. ఒక్క వాక్యం. చెప్పలేదు.

83 డిసెంబరు: పదిహేనో స్థానం, రెండు గంటల ముప్పై ఒకటి. 84 డిసెంబరు: ఇరవై రెండో స్థానం, రెండు ముప్పై ఆరు. టీ బంకు దగ్గర అతని పేరే మారిపోయింది. "రెండు పంతొమ్మిది వస్తున్నాడ్రోయ్, గడియారాలు దాచిపెట్టండ్రా" అనేవాళ్ళు. అతను నవ్వి చెయ్యి ఊపేవాడు. నేను స్టూలు మీద కూర్చుని రాసుకుంటూ ఉండేదాన్ని. నా స్టూలు నాకు మిగిలింది. దాని మీద కూర్చునే ఇవన్నీ విన్నాను.

84 పందెం అయిన సాయంత్రం మోకాలికి నూనె రాసుకుంటూ అన్నాడు: "ఒంట్లో లేకపోతే మానేద్దును. ఒంట్లో ఉండాది, పుస్తకంలో ఉండాది. గుండెలోనే లేదమ్మే. మందిలోకి పోతే పిరికోణ్ణి అవుతుండాను. ఇన్నాళ్ళూ నేను మొనగాణ్ణి అనుకున్నానే."

ఐదుసార్లు గెలిచిన మనిషి. వయసు మీద పడిందని, మోకాలు అరిగిందని, అందరికీ జరిగేదే తనకూ జరిగిందని తెలిసి ఉంటే దర్జాగా కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. నా పది నిమిషాలు అతనికి ఆ దారి లేకుండా చేశాయి. కాళ్ళు బాగున్నాయని నేను రాసిచ్చాను కాబట్టి తప్పు వెతుక్కోవడానికి అతనికి మిగిలింది తన ధైర్యమే. ఆ సాయంత్రం నా నోరు తెరుచుకుంది. "అన్నా" అన్నాను. "ఏందమ్మే" అన్నాడు. "నూనె కారుతోంది, గుడ్డ వేసుకో" అన్నాను.

85 డిసెంబరులో ఆత్మకూరు ఇంకా దగ్గర పడకముందే ఒక కల్వర్టు దగ్గర పడిపోయాడు. మందిని చూసి బెదరకూడదని గుంపు మధ్యలోకి కావాలని దూరాడట. వెనక వస్తున్నవాళ్ళు చెప్పారు. ఎడమ మోకాలి చిప్ప పగిలింది. నెల్లూరులో ఇరవై ఆరు రోజులు పెద్దాసుపత్రిలో ఉన్నాడు. ఆ తరవాత కర్ర లేకుండా నడవలేదు, సైకిలెక్కలేదు. ఇరవై ఆరు రోజులూ వదిన అతని దగ్గరే ఉన్నది. ఇంటికి వచ్చిన రోజు నాతో ఒక మాట అన్నది. కోపంగా కాదు.

"ఆ రోజు నువ్వు చెప్పినాక నేను నోరు మూసుకున్నా. నీ లెక్క తప్పదు కదా."

తప్పిందని చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఏముంటుంది? అప్పుడూ చెప్పలేదు. ఆమెకు తెలుసేమో అని చాలా ఏళ్ళు అనుమానపడ్డాను. తెలిస్తే అలా మామూలుగా నాకు అన్నం పెట్టేదా? నాకు తెలియదు. నాకు అర్థం కాని లెక్క అది ఒక్కటే.

అన్న 1989 మార్చి 12న పోయాడు. జ్వరం, నాలుగు రోజులు. చివరిదాకా ఎవరైనా పందెం మాట ఎత్తితే "కాళ్ళుంటే చాలదబ్బా, గుండె ఉండాల" అనేవాడు, తననే చూపించి. పోయిన ఏడు వదినా పోయింది. ఇక ఈ నిజం వల్ల బాగుపడేవాళ్ళు ఎవరూ లేరు. బాగుపడేవాళ్ళు ఉన్నన్నాళ్ళూ దాచాను, లేకుండా పోయాక చెబుతున్నాను. ఇదీ నా నిజాయితీ. మీరు ఏమనుకున్నా నాకు కొత్త కాదు, నేను ముందే అనుకున్నాను.

పుస్తకం నా దగ్గరే ఉంది. నిన్నటిదాకా పేజీని కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే రెండు కింద మూడు కనిపించేది. పెన్సిలు నొక్కి రాసే అలవాటు నాది. ఖాదర్ భాయ్ చీటీ కూడా ఆ పేజీలోనే ఉంది.

పోయినవి: ఒక ఎడమ మోకాలు. మూడు డిసెంబర్లు. ఇరవై ఆరు ఆసుపత్రి రోజులు. అన్న నడకలో మూడేళ్ళ పైచిలుకు. నా మాట మీద వదిన నమ్మకం, అది పోయి ఉంటే. తను మొనగాణ్ణని అన్నకు ఉండిన నమ్మకం, అది మాత్రం తప్పకుండా.

ఈ పొద్దున రబ్బరు తీసి ఆ అంకె సరిచేశాను. బయలుదేరింది 6-10. చేరింది 8-39. రెండు గంటల ఇరవై తొమ్మిది నిమిషాలు.