మీట జరిపితే మోగే గడియారం

చేసేది కళ్లజోళ్ల వ్యాపారమే అయినా వీధి వీధంతా ఆయన్ని గడియారాలాయన అనే పిలుస్తుంది. అందులో తప్పేమీ లేదు. షాపులో కూర్చున్నంతసేపూ వచ్చినవాడి చూపు మీద కంటే వాడి ముంజేతి మీదే ఈయన కన్ను. పాతకాలపు చేతిగడియారాలంటే ప్రాణం, అవీ మామూలువి కావు. చంద్రకళలు చూపించేవి, ఏ నెలకు ఎన్ని రోజులో తమంతట తామే చూసుకునేవి. ఇంట్లో వాటికో అద్దాల బీరువా ఉంది. పళ్లచక్రాలు అరిగిపోతాయని దేనికీ కీ ఇవ్వడు. ఇన్ని గడియారాలున్న కొంపలో టైము కావాలంటే పక్కింటికి వెళ్లాలని భార్య అందరికీ చెప్పి నవ్వుతుంది.

పై అరలో ఉన్నది నాన్నది. పక్కనున్న చిన్న మీట జరిపితే ముందు గంటలు, తర్వాత పావుగంటలు, చివర నిమిషాలు సన్నగా మోగించి చెబుతుంది. నాన్న పోయాక అక్క దాన్ని అడగలేదు. వాడికి పిచ్చి కదా, వాడికే ఇవ్వండి అంది. ఈయన మొహమాటానికైనా కాదనలేదు.

ఇప్పుడు అక్కకి చూపు పోతోంది. ఆమె కళ్లు పరీక్ష చేసి, ఇక ఏ అద్దాలూ పనిచేయవని చెప్పింది స్వయానా ఈయనే. ఆ రోజు అక్క ఏడవలేదు. నాన్న గడియారం తన దగ్గర ఉంచుకుంటానని మాత్రం అడిగింది. ఎవరినీ అడక్కుండా టైము తెలుసుకోవచ్చు కదా అంది. ఈయన గుండెల్లో రాయి పడింది. ముళ్లు తిప్పుతూ పొరపాటున మీట జరిపిందా, లోపలి పళ్లు విరుగుతాయి. మళ్లీ అలాంటిది చేసేవాడు ఎక్కడా దొరకడు. అబద్ధం నోట్లో ముందే సిద్ధంగా ఉన్నట్టు వచ్చేసింది.

"అది మోగడం మానేసి చాలా కాలమైందక్కా."

అక్క నమ్మింది. మర్నాడు ఈయన గొంతెత్తి టైము చెప్పే ప్లాస్టిక్ గడియారం కొనిచ్చాడు. అది తనని పోలీసులా గద్దిస్తోందని అక్క నవ్వింది. ఆ నవ్వు విన్నప్పటినుంచి ఈయనకి అన్నం సహించలేదు. బీరువా ముందునుంచి వెళ్లాల్సి వస్తే దొంగలా తల తిప్పుకునేవాడు. అయినా తాళంచెవి జేబులోంచి తీయలేదు. పిచ్చి అంటే అదే మరి.

ఒక ఆదివారం అక్క ఇంటికొచ్చింది. మోగకపోయినా సరే, నాన్న గడియారం ఒకసారి చేతిలో పెట్టమంది. సాకు దొరక్క తెచ్చి పెట్టాడు. కీ లేక ఆగిపోయే ఉంది కదా అని ధైర్యం చెప్పుకున్నాడు. మోతకి వేరే కీ అక్కర్లేదని, మీట జరపడమే దానికి కీ అని ఆయనకి తెలియనిదా? అక్క అద్దం తడిమింది, పట్టీ తడిమింది. చిన్నప్పటి అలవాటు కొద్దీ వేలు మీట మీదికి పోయింది.

గడియారం మోగింది. గంటలు, పావుగంటలు, నిమిషాలు, ఒక్కటీ తప్పకుండా. వంటింట్లోంచి భార్య తొంగిచూసింది. అక్క చివరి నిమిషం దాకా వింది.

ఈయనకి భూమి చీలితే బాగుండుననిపించింది. గబగబా గడియారం తీసుకుని కీ ఇచ్చాడు, సరైన టైముకి ముళ్లు తిప్పాడు, అక్క ముంజేతికి కట్టాడు. ఇక నీదేనక్కా అన్నాడు. అరిగినా విరిగినా ఫరవాలేదన్నాడు. ఈసారి నిజమే చెప్పాడు.

అక్క పట్టీ విప్పి, తమ్ముడి చెయ్యి వెతికి పట్టుకుని అందులో పెట్టింది.

"వద్దులేరా. ఇది మోగినప్పుడల్లా నువ్వు నాతో అబద్ధమాడావని గుర్తొస్తుంది."

కోపంగా అని ఉంటే ఆయన బతికిపోయేవాడు. ఆమె నెమ్మదిగానే అంది.