బతికుండగానే విన్న సంతాపం

కాగజ్‌నగర్ కతోలిక చర్చి మాసపత్రికలో, చనిపోయినవాళ్ల గురించి రాసేది శౌరమ్మ టీచరే. ఆమె కలానికి చిక్కితే, నోరు తెరిస్తే బూతులాడే చిన్నప్ప మేస్త్రి కూడా మృదుభాషి అయిపోయేవాడు. జబ్బుపడ్డవాళ్ల ఇళ్లకు జావ మోసుకెళ్లేదీ ఆమే. చేతిసంచిలోంచి కలం తొంగిచూసేసరికి, మంచంలో ఉన్నవాళ్లు గబుక్కున లేచి కూర్చుని, "నాకు జర నయమే టీచరమ్మా" అనేవారు.

పక్కింటి లూర్దవ్వ బోరుకు తాళం వేసుకునే మనిషి. ఒకరోజు, "నేను సచ్చినంక ఏం రాస్తవో గిప్పుడే సదువు" అని పట్టుబట్టింది. టీచర్ అక్కడికక్కడే రాసి చదివింది: "దాహమన్నవాళ్లకు ఏనాడూ నీళ్లు లేవనలేదు."

లూర్దవ్వ ముఖం మాడిపోయింది. "నేనెప్పుడిచ్చిన?"

"ఇయ్యలే. సచ్చేదాంక టైమున్నది గద!"

మొన్న ఎండాకాలంలో టీచరే ముందు పోయింది. సమాధుల తోట నుంచి చెమటలు కక్కుతూ తిరిగొస్తున్న జనానికి లూర్దవ్వ గేటు బార్లా తెరిచి కనిపించింది. ఆమె బిందె పక్కన నిలబడి, చెంబులు ముంచి అందిస్తూ అందరినీ కసురుతోంది:

"తాగుండ్రి, జల్ది తాగుండ్రి! టీచరమ్మ రాసింది అబద్ధమైతే ఎట్ల?"